సోమవారం పుట్టినవాడు

పనసగుడలో బిడ్డకు పేరు పెట్టడానికి పంచాంగం అక్కర్లేదు, వారం తెలిస్తే చాలు. సోమవారం పుట్టినవాడు సోంబరు, మంగళవారం పుట్టినవాడు మంగ్లు. ఆడపిల్ల బుధవారం పుడితే బుదరి, శుక్రవారం పుడితే సుక్రి. వారానికి ఏడే రోజులు కనుక, పట్టుమని ముప్పై గడపలు లేని ఆ ఊళ్ళో ఒక్కో పేరుకు ముగ్గురు నలుగురు తేలతారు. దానివల్ల ఊరివాళ్ళకు వచ్చిన ఇబ్బందేమీ లేదు. గెడ్డ పక్కన, అంటే వాగు పక్కన, ఇల్లున్నవాడు గెడ్డ సోంబరు, ఎత్తుపళ్ళవాడు పళ్ళ సోంబరు, కూలికి పోయి రెండేళ్ళుగా తిరిగి రానివాడు కేరళ సోంబరు. పిలిచేవాడికీ పలికేవాడికీ ఎప్పుడూ తికమక లేదు. తికమక వచ్చింది పోలీసులకు. పోలీసులకు తికమక వస్తే అది ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

పనసగుడవాళ్ళు అరకులోయకు పాతవాళ్ళు కారు. ఒడిశా వైపు కొండల్లో బతుకు సాగక, ఒక కరువు ఏడాది సరిహద్దు దాటి వచ్చి, ఎవరూ దున్నని వాలులో గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల్లో పెరిగిన పిల్లలకు మీసాలొచ్చినా చుట్టుపక్కల ఊళ్ళకు వాళ్ళు ఇంకా ‘ఒడిశావోళ్ళే’. అక్కడి రేషన్ కార్డు పోయింది, ఇక్కడిది రాలేదు. మగపిల్లలు కాఫీ పళ్ళు కోస్తారు, ఇటుక బట్టీలకు పోతారు, కేరళ పోతారు. ఘాట్ రోడ్డులో ఎక్కడ గంజాయి మూట దొరికినా జీపు మాత్రం ముందు పనసగుడకే వస్తుంది. జీపు చప్పుడు వినగానే కుర్రాళ్ళు అడవిలోకి పరుగు. తప్పు చేయనివాడు ఎందుకు పరిగెత్తాలి అని పోలీసులు అడుగుతారు. నిలబడితే కొడతారు గనక అని వీళ్ళంటారు. రెండు మాటలూ సబబుగానే ఉంటాయి, అందుకే ఆ గొడవ ఎన్నేళ్ళయినా తెగలేదు.

అలాంటి రోజుల్లో కామేష్ అనే కొత్త ఎస్సై వచ్చాడు. చిన్నవాడు, చదువుకున్నవాడు, మంచివాడు. వలస వచ్చిన ఇళ్ళ కుర్రాళ్ళు ఖాకీని చూసి పారిపోకూడదు, ఆగి పలకరించాలి అని ఆయన కోరిక. పోలీసులకు జనం మీద ప్రేమ పుడితే ముందుగా వాలీబాల్ కొంటారు. ఈయనా కొన్నాడు. నెట్టు కట్టించాడు, సున్నంతో గీతలు గీయించాడు, మైకు తెప్పించాడు. ఆడటానికి కానిస్టేబుళ్ళు తప్ప ఒక్క పురుగూ రాలేదు. అప్పుడాయనకు రత్న గుర్తొచ్చింది.

రత్న ఆ స్టేషన్లో హోంగార్డు. ఇంటి భాష ఆదివాసీ ఒడియా, బడిలో నేర్చింది తెలుగు. భర్త అహరోను జీపు నడుపుతూ అనంతగిరి ఘాట్‌లో లోయలో పడి చనిపోయాక, చర్చిలో ఎవరో ఎవరికో చెప్పి ఈ ఉద్యోగం వేయించారు. సంత రోజు ట్రాఫిక్కు, మిగతా రోజులు స్టేషన్లో టీలు, ఒడియా మాట్లాడేవాడు దొరికితే తర్జుమా. కానిస్టేబుళ్ళ లెక్కలో ఆమె సగం పోలీసు, ఊళ్ళ లెక్కలో మాత్రం నిండు పోలీసు.

“రత్నమ్మా, వాళ్ళ భాష నీకొచ్చు. ఒకసారి వెళ్ళి ఆ కుర్రాళ్ళను గ్రౌండుకు తీసుకురా” అన్నాడు కామేష్.

“నన్ను సూసినా పారిపోతారు సార్. కాకీ కదేటి?”

“అయితే ఖాకీ తీసేసి వెళ్ళు.”

ఆమె ఊళ్ళోకి వెళ్ళలేదు. శుక్రవారం సంతలో చీర కట్టుకుని, అల్లం, చీపుళ్ళు అమ్ముకునే పనసగుడ ఆడవాళ్ళ పక్కన కూర్చుంది. బేరం కుదరకపోతే కుదిర్చింది, వాన వస్తే తన గొడుగు పట్టింది. వాళ్ళలో బుదరి అనే ఆమె కాస్త మాట కలిపింది. భర్త చనిపోయాడు. కూతురు సుక్రి, దాని తర్వాత ఒక్కడే కొడుకు, గెడ్డ సోంబరు. ఏడో తరగతి దాకా ఆశ్రమ బడిలో చదివాడు. ఆ ఊళ్ళో అంత చదివినవాడు వాడొక్కడే.

ఆ కొండల్లో ఇంటికి కావలసినవాళ్ళు వస్తే చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళ దగ్గర పెడతారు. కాళ్ళు కడుక్కుంటేనే లోపలికి వచ్చినట్టు. పరాయివాడు వస్తే పలకరిస్తారు, కూర్చోమంటారు, నీళ్ళు మాత్రం పెట్టరు. రత్న పనసగుడకు వెళ్ళడం మొదలెట్టాక ఆ చెంబు రావడానికి వానాకాలమంతా పట్టింది. కార్తీకం చలిలో ఒక రోజు బుదరి నీళ్ళు తెచ్చి పెట్టింది. రత్న వణుకుతూ కాళ్ళు కడుక్కుంది. ఉద్యోగంలో చేరిన నాడు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

ఆ రోజే బుదరి అంది: “మా గుంటణ్ణి ఆటకి పంపిత్తాను. నువ్వే తీసుకెల్లాల, నువ్వే తీసుకొచ్చి అప్పసెప్పాల. నాను నమ్మింది నిన్ను. ఆ కాకీని కాదు.”

“నానే తీసుకెల్తాను, నానే తీసుకొత్తాను” అంది రత్న.

అలా సోంబరు వచ్చాడు, వాడి వెనక మిగతావాళ్ళు వచ్చారు. మొదట్లో బంతి కన్నా గేటువైపే ఎక్కువ చూసేవారు. తర్వాత తర్వాత కానిస్టేబుళ్ళను ఓడించడంలో రుచి మరిగారు. సోంబరు ఎగిరి కొడితే బంతి ఎక్కడ పడిందో చూసుకునేలోపు పాయింటు అయిపోయేది. ప్రతి ఆదివారం సాయంత్రం రత్న కుర్రాళ్ళను వెంటబెట్టుకుని కొండెక్కి, ఎవరి గడపలో వాళ్ళను దింపి, చీకటి పడుతుండగా దిగేది. ఒక నాడు జీపు పనసగుడ దాకా వెళితే ఎవరూ పరిగెత్తలేదు. కామేష్ ఆ మాట పదిమందికి చెప్పుకున్నాడు.

తర్వాత ఆయనకు లైసెన్సుల ఆలోచన వచ్చింది. కుర్రాళ్ళంతా వాళ్ళవీ వీళ్ళవీ బైకులు నడుపుతారు, ఒక్కడికీ లైసెన్సు లేదు, ఆపితే భయం. అందరికీ ఇప్పిస్తే భయం పోతుంది. మాట మంచిదే. కానీ లైసెన్సుకు కాగితం కావాలి, కాగితం రావడానికి ఇంకో కాగితం కావాలి. చివరికి బడి సర్టిఫికెట్ ఉన్న గెడ్డ సోంబరుకు ఒక్కడికే దారి దొరికింది. మిగతావాళ్ళకు వచ్చే నెల చూద్దామన్నారు.

రత్న వాణ్ణి పాడేరు తీసుకెళ్ళింది. సోమవారం. “నా రోజే అక్కా, పాసైపోతాను” అన్నాడు. అయ్యాడు కూడా. తిరుగు బస్సు ఆలస్యమై అరకు చేరేసరికి చీకటి పడింది. కొండెక్కే వేళ కాదని రత్న తన ఇంటికే తీసుకెళ్ళి, ఎండుచేపల కూరతో అన్నం పెట్టి, వసారాలో చాప వేసింది. తెల్లారి అప్పజెప్పింది. కార్డు రాగానే వాడు దాన్ని ఫోను వెనక గాజులాంటి కవరులో పెట్టుకున్నాడు. ఎవరైనా టైమెంతరా అని అడిగినా కార్డు వైపే తిప్పి చూపించేవాడు. తన పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ తన ఫొటో పక్కన ఉండటం వాడు పుట్టాక అదే మొదలు.

ఆ ఏడు స్టేషన్ తరఫున వాలీబాల్ పోటీలు పెట్టారు. ఫైనల్ ఆట నాడు కామేష్ మీటింగుకని పాడేరు వెళ్ళాడు, మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. రత్న చేతిలో మైకు ఉంది. ఒడియాలో ఒక మాట, తెలుగులో ఒక మాట చెబుతూ నవ్విస్తోంది. ఆట సగంలో ఉండగా నంబరు పలక లేని బండి వచ్చి ఆగింది. మఫ్టీలో ఉన్న నలుగురు దిగారు. పక్క జిల్లా నుంచి వచ్చిన టీము. వాళ్ళ ఇన్‌స్పెక్టరు నేరుగా రత్న దగ్గరికి వచ్చాడు.

“పనసగుడ సోంబరు వచ్చాడా?”

“సోంబరులు ఇద్దరొచ్చినారు సార్. ఏ సోంబరు?”

“ఇద్దర్నీ పిలువు. రెండు మాటలు అడిగి పంపించేస్తాం.”

గ్రౌండులో ఎవరి మీదా చెయ్యి వెయ్యం అని కామేష్ మాట ఇచ్చి ఉన్నాడు. రత్న రోడ్డు వైపు చూసింది, ఆయన బండి కనిపించలేదు. ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ‘సార్’ అనడానికి అలవాటు పడిన నోరు, ఆలోచన కన్నా ముందు మైకు దగ్గరికి పోయింది.

“గెడ్డ సోంబరు, పళ్ళ సోంబరు! బేగి ఇలా రండి!”

ఇంకెవరు పిలిచినా వాళ్ళు అడవిలో ఉండేవారు. పిలిచింది రత్న గనక నవ్వుతూ, చెమట తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. టీషర్టులు ఇస్తారనుకున్నారు.

సరిహద్దులో గంజాయితో దొరికిన ఒకడు, సరుకు ఇచ్చింది పనసగుడ సోంబరు అని చెప్పాడట. అదీ గెడ్డ సోంబరు లైసెన్సు కోసం పాడేరు వెళ్ళొచ్చిన ఆ సోమవారం రాత్రే ఇచ్చాడట. అది రెండేళ్ళుగా ఊరి ముఖం చూడని కేరళ సోంబరే అయి ఉండాలని ఊరంతా తర్వాత అంది. ఆ పూట ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టరు అడిగింది ఒక్కటే, మీ దగ్గర ఏమైనా గుర్తింపు కార్డు ఉందా అని. పళ్ళ సోంబరు తల అడ్డంగా ఊపాడు. గెడ్డ సోంబరు గర్వంగా ఫోను తిప్పి చూపించాడు. ఆయన పేరు చదివాడు, తండ్రి పేరు చదివాడు, ఊరు చదివాడు, ఫొటోనూ మొహాన్నీ పోల్చి చూశాడు.

“సరిపోయింది. ఎక్కు” అన్నాడు.

కాగితం లేనివాణ్ణి కోర్టులో ఎవడని నిలబెడతారు? పళ్ళ సోంబరును పొమ్మన్నారు. వాడు ఎటు పోయాడో చూసినవాళ్ళు లేరు.

బండెక్కుతూ గెడ్డ సోంబరు అడిగాడు: “అక్కా, ఎల్లొచ్చేత్తానా?”

“ఎల్లు. బేగి వొచ్చేత్తావులే” అంది రత్న.

ఆ సాయంత్రం ఆమె ఒక్కతే కొండెక్కింది. బుదరికి కబురు ఇంకా చేరలేదు. రత్నను చూడగానే లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. వెనక ఎవరూ లేరని అప్పుడు చూసుకుంది. రత్న కాళ్ళు కడుక్కుని, చెంబు పక్కన పెట్టి, జరిగింది చెప్పింది. బుదరి అరవలేదు, తిట్టలేదు. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని రత్నకు చాలాసార్లు అనిపించింది.

మర్నాడు ఆమె పక్క జిల్లా స్టేషనుకు వెళ్ళి, “ఆ రాత్రి ఆ గుంటడు మా ఇంటికాడే పడుకున్నాడు సార్” అని చెప్పింది. హోంగార్డువై ఉండి ముద్దాయి తరఫున మాట్లాడతావా, పోయి డ్యూటీ చూసుకో అన్నారు. కామేష్ ఆమె చెప్పినదంతా విన్నాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

“నేను పైకి రాస్తాను రత్నమ్మా. నువ్వు మాత్రం కోర్టుదాకా వెళ్ళకు. నీ ఉద్యోగం పోతే నేను ఆపలేను.”

రాశాడు. పైనుంచి జవాబు రాకముందే ఆయనకు బదిలీ వచ్చింది. చెడ్డవాడైతే రత్న నాలుగు తిట్టుకుని ఊరుకునేది. మంచివాడు కావడంతో ఆ దారీ లేకపోయింది.

ఆ తర్వాత రత్నలో ఏదో మొద్దుబారిపోయింది. డ్యూటీకి వెళ్ళింది, టీలు పోసింది, సంతలో విజిలు ఊదింది. చర్చిలో అందరూ మోకరిల్లితే మోకరిల్లింది, లేస్తే లేచింది. కూరలో ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. ఏడుపు రాలేదు. కొడుకును పోగొట్టుకున్నదానిలా బుదరి ఏడుస్తుంటే చూస్తూ కూర్చునేది, తన కళ్ళు మాత్రం పొడిగా ఉండేవి. తను మంచి మనిషి కాదేమోనని భయపడాలనుకుంది. ఆ భయం కూడా రాలేదు.

ఒక రోజు ఆ మొద్దుతనంలోనే, పెద్దగా ధైర్యమేమీ కూడగట్టుకోకుండానే, బుదరిని వెంటబెట్టుకుని కిరండూల్ రైలెక్కి విశాఖ దిగింది. లాయరు దగ్గర, సోమవారం రాత్రి వాడు తన వసారాలో పడుకున్నాడని చెప్పి సంతకం పెట్టింది. ఉద్యోగం పోతుందని తెలుసు. తెలిసినా గుండె దడదడలాడలేదు. దాన్ని ధైర్యం అనడానికి నాకు మనసొప్పదు, ఆమె కూడా ఒప్పుకోదు.

జైల్లో జాలీకి అవతల సోంబరు నిలబడ్డాడు. జుట్టు కత్తిరించారు. తల్లి ఏదేదో అడుగుతోంది, వాడు తల ఊపుతున్నాడు. చివర్లో రత్న వైపు తిరిగి ఒక్కటే అడిగాడు.

“అక్కా, పైనల్ ఎవులు గెలిసినారు?”

“ఆట ఆగిపోయింది బాబూ.”

“ఔనా” అన్నాడు.

వచ్చే నెల నుంచి డ్యూటీకి రానక్కర్లేదని రత్నకు నోటిమాటగా చెప్పారు. ఆమె యూనిఫారం ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇచ్చేసింది. ఘాట్ రోడ్డు పక్కన బొంగులో చికెన్ అమ్మే దుకాణంలో పనికి కుదిరింది. మసాలా పట్టించిన మాంసాన్ని వెదురు బొంగులో కూరి, నిప్పుల్లో తిప్పి తీయడం పని. మొదటి వారంలోనే కాలుతున్న బొంగును ఉత్త చేత్తో పట్టుకుని తీసింది. తోలు వాసన వచ్చాక పక్కనున్న మనిషి అరిస్తే గానీ ఆమెకు తెలియలేదు. పాత స్టేషన్ కానిస్టేబుళ్ళు అప్పుడప్పుడూ ఆగి తినేవారు. “ఏం రత్నమ్మా, బాగున్నావా” అని అడిగేవారు. బాగున్నాననేది.

కాఫీ పళ్ళు ఎర్రబడే రోజుల్లో సోంబరుకు బెయిలొచ్చింది. రత్న చెప్పిన మాట వల్ల వచ్చిందో, చార్జిషీటు ఆలస్యం కావడం వల్ల వచ్చిందో లాయరు కూడా తేల్చి చెప్పలేదు. కేసు అలాగే ఉంది. వాడు ఇంటికొచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. పొద్దున కూర్చుంటే పొద్దు వాలే దాకా అక్కడే. పిలిస్తే పలికేవాడు కాదు. అలుక అనుకుంది తల్లి మొదట్లో. తర్వాత ఆమెకు తెలిసింది, వాడు ‘సోంబరు’ అన్న పిలుపుకు మాత్రమే పలకడం లేదు. ‘ఒరే’ అంటే తిరిగి చూస్తాడు. పళ్ళ సోంబరు కేరళ పోయాడు, వాడి వయసు పిల్లలు ఇంకొందరూ పోయారు. ఇప్పుడు జీపు వస్తే పరిగెత్తడానికి ఊళ్ళో కుర్రాళ్ళు లేరు. గ్రౌండులో నెట్టు వానకు తడిసి తెగిపోయింది.

సోమవారాలు టూరిస్టులు తక్కువ, దుకాణానికి సెలవు. రత్న ఆ రోజు పనసగుడ వెళ్ళి వాడి పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. నువ్వు రావద్దని ఎవరూ అనలేదు. కూర్చోమనేవారు. నీళ్ళు మాత్రం ఎవరూ పెట్టలేదు. అడగడానికి ఆమెకు ముఖం లేదు.

అలా వెళ్ళిన ఒక సోమవారమే, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్న బుదరి కూతురు సుక్రికి నొప్పులు మొదలయ్యాయి. రోడ్డు దాకా మోసుకెళ్ళడానికి డోలీ కడుతుండగానే, ఇంకా దీపాలు పెట్టకముందే, మగబిడ్డ పుట్టాడు. రత్నే నీళ్ళు కాచింది, రత్నే బిడ్డను తుడిచి తల్లి పక్కన వేసింది.

ఆ వారంలోనే ఆశా వర్కరు వరమ్మ పుట్టిన వివరాలు రాసుకోవడానికి కొండెక్కింది. దారి తోడుగా రత్నను తీసుకొచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

“బాబు పేరేటి పెట్టినారు?” అంది వరమ్మ.

“మంగ్లు” అంది బుదరి.

వరమ్మ పెన్ను ఆపింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగే మనిషి, పేర్ల సంగతి ఆమెకు తెలియనిది కాదు. “సోమారం పుట్టినాడని కదేటి కబురొచ్చింది? సోంబరు అని పెడతారనుకున్నాను.”

సుక్రి బిడ్డను గుండెకు అదుముకుంది. బుదరి నేల చూపులు చూసింది. గడప దగ్గర సోంబరు కదల్లేదు. తరాల నుంచి ఆ ఊళ్ళో ఏ తల్లీ బిడ్డ పుట్టిన వారాన్ని దాచలేదు. దాచవలసిన అవసరం వస్తుందని వాళ్ళకెప్పుడూ తోచలేదు. బుదరి మెల్లగా తలెత్తి రత్న వైపు చూసింది.

“మంగళారమే పుట్టినాడు వరమ్మా. తెల్లారి కోడి కూసినాక. నాను పక్కనే ఉన్నాను” అంది రత్న.

వరమ్మ ఆమె మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా మంగళవారం అని రాసుకుంది.

సోంబరు లేచాడు. లోపల చెంబు కుండకు తగిలిన చప్పుడైంది. వాడు నీళ్ళు తెచ్చి రత్న కాళ్ళ దగ్గర పెట్టి, మళ్ళీ వెళ్ళి గడప దగ్గర కూర్చున్నాడు. రత్న చెంబు వంచుకుంది. పాదాల మీద పడిన నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ చలి తెలిసేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.